వాటర్లూ మొత్తం వద్దు, ముందు ఒక్క లా హే సాంత్ చాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నెపోలియన్ కాలపు యుద్ధాలంటే ఇష్టం. సుమారు 28 ఎంఎం ఎత్తుండే సైనికుల బొమ్మలతో వాటర్లూ యుద్ధాన్ని టేబుల్ మీద ఆటగా ఆడాలని ఉంది. ఆడటానికి ఒక స్నేహితుడు ఉన్నాడు. గదిలో 6 అడుగులకు 4 అడుగుల టేబుల్ పడుతుంది. పెయింటింగ్‌కి వారానికి నాలుగు గంటలు దొరుకుతాయి. ఏ స్కేలు (బొమ్మల సైజు) తీసుకోవాలి, ఏ రూల్స్ వాడాలి, ముందు ఏ పెట్టె కొనాలి?

మూడింటికీ జవాబు చెబుతాను, కానీ చివరి ప్రశ్న చివరే ఉండాలి. ముందు పెట్టె కొనేసి తర్వాత ఆట గురించి ఆలోచించడం వల్లే ఈ హాబీలో ఎక్కువ ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోతాయి. మీకు ఇప్పుడున్న ఉత్సాహం చాలా విలువైనది, దాన్ని సరైన చోట ఖర్చుపెట్టాలి.

మొదట లెక్క చూద్దాం. 1815 జూన్ 18న వాటర్లూలో బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ దగ్గర సుమారు 68,000 మంది, నెపోలియన్ దగ్గర సుమారు 73,000 మంది ఉన్నారు. మధ్యాహ్నం తర్వాత వచ్చి కలిసిన ప్రష్యన్లను పక్కన పెడదాం. ఒక బొమ్మ 20 మంది సైనికులకు సమానం అనుకుంటే, అది పాతకాలం నుంచి ఉన్న నిష్పత్తే, రెండు వైపులా కలిపి 7,050 బొమ్మలు కావాలి. శుభ్రం చేయడం, అతికించడం, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రంగులు, బేస్ (బొమ్మ నిలబడే పలక) అన్నీ కలిపి ఒక్కో బొమ్మకు 45 నిమిషాలు వేసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది తక్కువే. మొత్తం 5,287 గంటలు అవుతుంది. వారానికి నాలుగు గంటల చొప్పున 25 ఏళ్లు పడుతుంది. గుర్రాలకు, ఫిరంగులకు అదనపు సమయం నేను కలపలేదు. పైగా ఆ బొమ్మలన్నీ మీ 6 అడుగుల టేబుల్ మీద నిలబడే చోటు కూడా ఉండదు.

మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి ఇదంతా చెప్పడం లేదు. ఈ లెక్క వేసుకున్నాకే అసలు ప్రాజెక్టు కనిపిస్తుంది. "వాటర్లూ" అన్నది ఒక కోరిక. ప్రాజెక్టు అంటే ఫలానా సాయంత్రం, ఫలానా ఇద్దరు, ఈ టేబుల్ మీద, మూడు గంటల్లో పూర్తిగా ఆడేసే ఒక ఆట. ఆ ఆటకు ఏమేం కావాలో రాసుకుంటే స్కేలు, రూల్స్, బొమ్మల సంఖ్య, ఇళ్లు, చెట్లు అన్నీ దానంతట అవే తేలతాయి. నేను ఏ కాలానికి సంబంధించిన ప్రాజెక్టు మొదలుపెట్టినా ముందు ఒక కాగితం మీద ఆ ఆట పేరే రాస్తాను. సైన్యాల జాబితా తర్వాత వస్తుంది.

మీకు నేను సూచించే ఆట లా హే సాంత్. వాటర్లూ యుద్ధరంగం మధ్యలో, బ్రసెల్స్ వెళ్లే పెద్ద రోడ్డు పక్కన ఉన్న పొలం ఇల్లు అది. చుట్టూ గోడ, మధ్యలో వాకిలి, ఒక పెద్ద కొట్టం, ఒకవైపు పండ్ల తోట, ఇంకోవైపు కూరగాయల తోట. బ్రిటిష్ సైన్యంలో భాగంగా పోరాడిన జర్మన్ల దళం కింగ్స్ జర్మన్ లీజియన్. దాని రెండో లైట్ బెటాలియన్‌కు చెందిన సుమారు 400 మంది, మేజర్ గియోర్గ్ బారింగ్ నాయకత్వంలో ఆ ఇంటిని కాపాడారు. ఫ్రెంచ్ వాళ్లు మధ్యాహ్నం నుంచి మళ్లీ మళ్లీ దాడి చేసి, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో దాన్ని పట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి బారింగ్ చుట్టూ మిగిలింది నలభై మంది పైచిలుకు మాత్రమే.

ఈ పోరాటం ఆటగా ఎందుకు అంత బాగుంటుందంటే, చరిత్రలో జరిగిన ప్రతి చిన్న విషయమూ టేబుల్ మీద ఒక నిర్ణయంగా మారుతుంది. ముందురోజు రాత్రి వానలో తడిసిన సైనికులు చలికాచుకోవడానికి కొట్టం పెద్ద తలుపును పగలగొట్టి మంట వేసుకున్నారు. తెల్లారేసరికి కోటలాంటి ఆ ఇంటికి పొలం వైపు ఒక పెద్ద ఖాళీ. మీ ఆటలో కూడా ఆ ద్వారం మూయడానికి వీల్లేదు. కాపలా వాళ్లు అక్కడ మనుషులను అడ్డం పెట్టాలి, కానీ అక్కడ పెట్టిన ప్రతి మనిషీ గోడ మీద తగ్గుతాడు. తర్వాత కొట్టానికి నిప్పంటుకుంది. సాయానికి వచ్చిన నసావు (ఒక చిన్న జర్మన్ రాజ్యం) సైనికుల వీపుల మీద పెద్ద వంట పాత్రలు ఉంటే, వాటితో నీళ్లు మోసి మంటలు ఆర్పారు. టేబుల్ మీద దీని అర్థం ఏమిటంటే, నిప్పు అంటుకున్న ప్రతి టర్న్‌లో (ఆటలో ఒక్కో వంతులో) కొంతమంది తుపాకీ వదిలి నీళ్లు మోయాలి. ఎంతమందిని పంపాలన్నది ఆ ఆటగాడి ఇష్టం.

అన్నిటికంటే పెద్దది మందుగుండు. బారింగ్ మనుషుల చేతుల్లో ఉన్నవి బేకర్ రైఫిళ్లు. మామూలు బ్రిటిష్ మస్కెట్ తూటా వాటికి పెద్దది, పనికిరాదు. తూటాలు పంపమని ఆయన పదే పదే కబురు పెట్టాడు. మనుషుల్ని పంపారు గానీ రైఫిల్ తూటాలు రాలేదు. కాబట్టి జర్మన్ ఆటగాడికి ఆట మొదట్లో కొన్ని గుర్తులు లెక్కపెట్టి ఇవ్వండి. ఒక గుంపు కాల్చిన ప్రతిసారీ ఒకటి వెనక్కి ఇచ్చేయాలి. దూరంగా ఉన్న ఫ్రెంచ్ వాళ్ల మీద ఇప్పుడే కాల్చాలా, దగ్గరికి వచ్చేదాకా ఆగాలా అన్న టెన్షన్ ఆట మొత్తం నడుస్తుంది. ఒక్క నియమంతో ఇంత నాటకం దొరకడం అరుదు. వేల బొమ్మలున్న పెద్ద ఆటల్లో ఈ స్థాయి వివరం దొరకదు, అక్కడ లా హే సాంత్ అంటే టేబుల్ మధ్యలో ఒక ఇల్లు, అంతే.

ఇక స్కేలు. ఒక గుంపులో ఆరుగురు, ఎనిమిది మంది ఉండే ఇలాంటి ఆటకు మీరు కోరుకున్న 28 ఎంఎం సరిగ్గా సరిపోతుంది. ప్రతి బొమ్మ ముఖం కనిపిస్తుంది, గోడ వెనుక మోకరిల్లినవాడు, తూటా నింపుకుంటున్నవాడు వేరువేరుగా తెలుస్తారు. మీ మనసు నిజంగా మొత్తం యుద్ధం మీదే ఉంటే మాత్రం 28 ఎంఎం వదిలి 6 ఎంఎం వైపు వెళ్లండి. 60 ఎంఎం వెడల్పు, 30 ఎంఎం లోతు ఉన్న ఒక్క బేస్ మీద 24 మంది పదాతి సైనికులు వరుసలుగా నిలబడతారు, చూడగానే బెటాలియన్ అనిపిస్తుంది. అక్కడ ఒక్కో బొమ్మకు పట్టే సమయం నిమిషాల్లోనే. 15 ఎంఎం ఈ రెండింటికీ మధ్య రాజీ. మంచి రాజీయే, ఆ సైజులో నెపోలియన్ కాలపు బొమ్మలు లెక్కలేనన్ని దొరుకుతాయి. 1/72 (నిజమైన మనిషిలో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలు తక్కువ ఖర్చులో ఎక్కువ వస్తాయి, కానీ కొన్ని రకాలు మెత్తటి ప్లాస్టిక్, వంగిన తుపాకుల మీద రంగు పెచ్చులూడకుండా చూసుకోవాలి.

స్కేలు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. 28 ఎంఎం బొమ్మ నిజమైన మనిషిలో దాదాపు 56వ వంతు. మస్కెట్ పనిచేసే దూరం 100 మీటర్లు అనుకుంటే, అదే నిష్పత్తిలో అది 1.8 మీటర్లు, అంటే మీ టేబుల్ పొడవంత. అందుకే 28 ఎంఎం ఆటలన్నింటిలోనూ దూరాలను బొమ్మల కంటే బాగా కుదిస్తారు. దీనివల్ల ఇళ్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పొలం ఇంటిని బొమ్మల ఎత్తుకు తగినట్టుగా నిజమైన కొలతలతో కడితే అదే టేబుల్‌ను మింగేస్తుంది. తలుపు, కిటికీ ఎత్తులు బొమ్మకు సరిపోయేలా పెట్టి, ఇంటి పొడవు, వెడల్పు బాగా తగ్గించండి. కంటికి తేడా తెలియదు.

రూల్స్ విషయంలో ఈ స్థాయి ఆటకు నేను షార్ప్ ప్రాక్టీస్ అనే రూల్స్ వైపు మొగ్గుతాను. అందులో ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ముందే తెలియదు. ఒక్కో నాయకుడి పేరు మీద ఒక చీటీ ఉంటుంది, సంచిలోంచి ఎవరిది వస్తే వాళ్ల మనుషులే కదులుతారు. వరుసకట్టి పోరాడే పదాతి ఎనిమిది మంది గుంపులుగా, చెదిరి పోరాడేవాళ్లు ఆరుగురి గుంపులుగా ఉంటారు. నాయకుడు ఎక్కడ నిలబడ్డాడన్నదే ఆటను నడిపిస్తుంది, గోడ చుట్టూ పరుగులు తీసే బారింగ్ కథకు ఇది చక్కగా అతుకుతుంది. బ్లాక్ పౌడర్ పేరు కూడా మీరు విని ఉంటారు. అది 2009లో వచ్చింది, బెటాలియన్లు, బ్రిగేడ్లు కదిలించే ఆట. రెండు పాచికలు వేసి సేనాపతి సామర్థ్యంతో పోల్చి చూస్తారు, అదృష్టం బాగుంటే దళం ఒకేసారి మూడుసార్లు కదులుతుంది, బాగోకపోతే ఉన్నచోటే నిలబడిపోతుంది. నాకు ఇష్టమైన ఆటే. కానీ దానిలోని దూరాలు పెద్ద టేబుళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి, మీ టేబుల్ మీద వాటిని సగానికి తగ్గించుకోవాలి. బొమ్మలు కూడా చాలా ఎక్కువ కావాలి. మీ రెండో ప్రాజెక్టుకు దాన్ని దాచుకోండి.

ఏ రూల్స్ తీసుకున్నా సరే, ఒక్క బొమ్మ కొనకముందే కాగితాలతో ఆడి చూడండి. నేను ఇచ్చే సలహాల్లో దీనికే ఎక్కువ పట్టుబడతాను. బేసుల కొలతకు అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద "జర్మన్ 1", "ఫ్రెంచ్ 3" అని రాయండి. అట్టపెట్టెను ఇల్లు అనుకోండి, పుస్తకాలను గుట్ట అనుకోండి. ఒకటి రెండు ఆటలకే ఎన్ని గుంపులు అవసరమో, టేబుల్ సరిపోతుందో లేదో, ఆట మూడు గంటల్లో ముగుస్తుందో లేదో తెలిసిపోతుంది. ఇంకా ముఖ్యంగా ఆ రూల్స్ మీకూ మీ స్నేహితుడికీ నచ్చాయో లేదో తెలుస్తుంది. అట్టముక్కలతో ఆడినా ఉత్కంఠ కలిగించే ఆట, రంగులద్దిన బొమ్మలతో ఇంకా బాగుంటుంది. అట్టముక్కలతో విసుగనిపించిన రూల్స్‌ను బొమ్మలు కాపాడలేవు.

మీ తొలి ఆటకు కావలసిన జాబితా ఇలా తేలుతుంది. జర్మన్లు ఆరుగురి గుంపులు మూడు, నాయకులు ఇద్దరు, మొత్తం 20. ఫ్రెంచ్ వాళ్లు ఎనిమిది మంది గుంపులు నాలుగు, ముందు నడిచే ఆరుగురి గుంపు ఒకటి, నాయకులు ముగ్గురు, మొత్తం 41. రెండు వైపులా కలిపి 61 బొమ్మలు. బొమ్మకు 45 నిమిషాల చొప్పున 46 గంటలు, అంటే మీకున్న సమయంలో దాదాపు 12 వారాలు. ఫిరంగి లేదు, గుర్రం లేదు. కావాలనే తీసేశాను. గుర్రపు సైనికుడికి పదాతి కంటే రెట్టింపు సమయం పడుతుంది, పైగా గోడ చుట్టూ జరిగే పోరులో అతనికి పెద్దగా పనిలేదు.

రెండు వైపుల బొమ్మలూ మీరే సమకూర్చుకోండి. ఒకరు ఒక సైన్యం, ఇంకొకరు ఇంకో సైన్యం అని పంచుకోవడం వినడానికి బాగుంటుంది. కానీ ఇద్దరిలో ఒకరికి ఉద్యోగంలో పని పెరిగినా, మనసు ఇంకో కాలం వైపు మళ్లినా రెండో వ్యక్తి దగ్గర సగం ఆట మిగిలిపోతుంది. రెండు వైపులూ మీ దగ్గరే ఉంటే ఆడటానికి వచ్చే ఎవరైనా చేతులూపుకుంటూ రావచ్చు. ఎవరూ రాని రోజు మీరొక్కరే ఆడుకోవచ్చు, చీటీలు తీసే రూల్స్‌లో అది సులువు కూడా. పెయింట్ చేసేటప్పుడు కూడా ఒక గుంపు జర్మన్లు, ఒక గుంపు ఫ్రెంచ్ అని మార్చి మార్చి చేయండి. నాలుగో వారానికే టేబుల్ మీద చిన్న తగాదా ఒకటి నడిపేంత సరంజామా ఉంటుంది.

కొనేముందు యూనిఫాం సంవత్సరాలు చూసుకోవాలి. "నెపోలియన్ కాలం" అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన అన్నీ కలవవు. ఫ్రెంచ్ పదాతి 1806 ప్రాంతంలో అడ్డటోపీ వదిలి షాకోకు (గొట్టంలా ఎత్తుగా ఉండే టోపీకి) మారింది. 1812 నిబంధనలతో కోటు తీరు మారింది. బ్రిటిష్ పదాతి కూడా 1812 నుంచి ముందుభాగం ఎత్తుగా ఉండే బెల్జిక్ షాకో వైపు వెళ్లింది. 1809 నాటి స్పెయిన్ యుద్ధపు బొమ్మలను 1815లో నిలబెడితే తెలిసినవాళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం ఏమిటంటే, ఫ్రెంచ్ వాళ్లను పొడవాటి గ్రేట్‌కోట్లలో, షాకోల మీద తొడుగులతో ఉన్న బొమ్మలుగా తీసుకోండి. కోటు లోపలి యూనిఫాం ఏ సంవత్సరానిదో కనిపించదు. అదే సైన్యం 1808 స్పెయిన్ నుంచి 1815 వరకు పనికొస్తుంది. రంగులు కూడా సగానికి సగం తగ్గుతాయి: బూడిద, గోధుమ, లేత ఖాకీ కోట్లు కలగలిపి వేస్తే యుద్ధం మధ్యలో నలిగిన సైన్యంలా నిజంగా కనిపిస్తుంది.

మీ జర్మన్లు కూడా పెయింటర్‌కి అనుకూలమైనవాళ్లే. ముదురు ఆకుపచ్చ కోటు, నల్ల కాలరు, బూడిదరంగు ప్యాంటు, నల్ల తోలు బెల్టులు. బ్రిటిష్ ఎర్రకోటు పదాతికి ఛాతీ మీద అడ్డంగా పడే తెల్ల బెల్టులే ఎక్కువ సమయం తింటాయి, మీకు ఆ బాధ లేదు. సరిగ్గా లీజియన్ బొమ్మలు దొరకకపోతే బ్రిటిష్ 95వ రైఫిల్స్ బొమ్మలతో మొదలుపెట్టవచ్చు. ఆకుపచ్చ కోట్లు, బేకర్ రైఫిళ్లు వాళ్లవీ. రేపు ఆట పెంచినప్పుడు కూడా వాళ్లు వృథా కారు, ఎందుకంటే రోడ్డుకు ఎదురుగా ఉన్న ఇసుక గొయ్యిలో ఆ రోజు నిలబడింది వాళ్లే.

ఒక తయారీ కంపెనీ 28 ఎంఎం బొమ్మ, ఇంకో తయారీ కంపెనీ 28 ఎంఎం బొమ్మ పక్కపక్కన పెడితే తలంత ఎత్తు తేడా రావచ్చు. కొందరు పాదం నుంచి కంటి వరకు కొలుస్తారు, కొందరు తల పైవరకు. పెద్ద ఆర్డర్‌కి ముందు ఒక చిన్న ప్యాకెట్ తెప్పించుకుని చూడండి. రెండు రకాలు కలపాల్సి వస్తే ఒకే గుంపులో కలపకండి, గుంపుకొక రకం పెట్టండి. ఇక ఆఫర్లో ఉందని 200 బొమ్మల కట్ట కొనడం మాత్రం వద్దు. పెయింట్ చేయని బొమ్మల గుట్ట మనసు మీద పెట్టే బరువు తక్కువది కాదు. ఈ 61 పూర్తయ్యేదాకా 62వది కొనకండి.

త్రీడీ ప్రింటర్ గురించి కూడా అడుగుతారేమో, అందుకని చెబుతున్నా. రెసిన్ ప్రింటర్‌తో బొమ్మలు అద్భుతంగా వస్తాయి. కానీ గ్లవ్స్, గాలి బాగా ఆడే గది, ఆల్కహాల్‌తో కడగడం, అతినీలలోహిత కాంతిలో గట్టిపరచడం, విఫలమైన ప్రింట్లు, ఇవన్నీ కలిసి అదే ఒక వేరే హాబీ. మీకు వారానికి నాలుగు గంటలే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు అటు వెళ్లొద్దు.

పెయింటింగ్‌లో కూర్చున్నాక ముందు ఒకే ఒక్క బొమ్మను పూర్తి చేయండి. ఏ రంగు తర్వాత ఏ రంగు, ఎన్ని పూతలు, ఎక్కడ నీడ, అన్నీ రాసుకోండి. ఆ బొమ్మను చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. బాగుంటే అదే మీ ప్రమాణం, మిగతా అరవైకి అదే చాలు. కెమెరా దగ్గరికి తెచ్చి తీసిన ఫొటోలతో పోల్చుకుని నీరసపడొద్దు. టేబుల్ మీద కంటికి ముందు కనిపించేవి ముఖం, జెండా, బేస్. ఆ మూడింటి మీద శ్రద్ధ పెట్టండి, బటన్ల మీద కాదు.

జర్మన్లకు నల్ల ప్రైమర్ వేసి, ఎండు బ్రష్‌తో ముదురాకుపచ్చ రుద్దితే కోటు మడతల్లో నీడ దానంతటదే మిగులుతుంది. ఫ్రెంచ్ వాళ్లకు లేత రంగు ప్రైమర్ మీద కాంట్రాస్ట్ తరహా పెయింట్లు బాగా పనిచేస్తాయి. 2019లో సిటడెల్ వాటిని తెచ్చాక ఇలాంటి రంగులు చాలా కంపెనీలు చేస్తున్నాయి. ఒక్క పూతలోనే లోతుల్లో నీడ, ఎత్తుల్లో వెలుగు వస్తుంది, గ్రేట్‌కోటు మడతల కోసమే అవి పుట్టినట్టుంటాయి. ఆరేసి, ఎనిమిదేసి బొమ్మలను వరుసలో పెట్టి ఒక రంగు అన్నిటికీ వేసి, తర్వాత రెండో రంగుకు వెళ్లండి. ఇరవై ఒకేసారి పెట్టుకుంటే ఏ రంగూ ముగిసినట్టు అనిపించక విసుగొస్తుంది. నాయకుల బొమ్మలు చివరికి ఉంచుకోండి. అప్పటికి చెయ్యి తిరుగుతుంది, ఆసక్తి కూడా నిలుస్తుంది.

చివర్లో వార్నిష్ తప్పనిసరి, ముఖ్యంగా లోహపు బొమ్మలకు, వాటి రంగు చేతివేళ్ల తాకిడికే ఊడుతుంది. స్ప్రే వార్నిష్‌ను గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే బొమ్మ మీద తెల్లటి పొర కమ్ముతుంది. వాతావరణం పొడిగా లేకపోతే బ్రష్‌తో పూయడమే మంచిది. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు కాబట్టి వాటిని గీకిన తర్వాత చేతులు కడుక్కోండి, బ్రష్ మొనను నోట్లో పెట్టి సూదిగా చేసే అలవాటు ఉంటే మానుకోండి. రెసిన్ బొమ్మలను తడిపి అరగదీయండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

బేసుల విషయంలో ఒక్కసారే నిర్ణయించుకోండి, మళ్లీ మార్చడం ఎంత విసుగో చేసినవాళ్లకు తెలుసు. ప్రతి బొమ్మనూ 25 ఎంఎం గుండ్రటి బేస్ మీద విడిగా పెట్టండి. ఫ్రెంచ్ వాళ్లకు నాలుగేసి బొమ్మలు ఇమిడే గుంటలున్న ట్రేలు చేసుకుంటే వరుసకట్టి కదిలించవచ్చు, విడదీయాలంటే విడదీయవచ్చు. రేపు బ్లాక్ పౌడర్ ఆడాలన్నా అవే బొమ్మలు ట్రేలతో సరిపోతాయి. బేసులుగా ఉక్కు వాషర్లు వాడి, దాచే పెట్టె అడుగున మాగ్నెట్ షీట్ అతికిస్తే తీసుకెళ్లేటప్పుడు బొమ్మలు దొర్లవు.

టేబుల్‌ను చివరికి వదిలేయకండి. ఫ్రెంచ్ గుంపులు రెండు పూర్తయ్యాక పెయింటింగ్ ఆపి ఇల్లు కట్టడం మొదలుపెట్టండి. గట్టి ఫోమ్ షీట్లతో గోడలు, అట్టతో కప్పు, కప్పు ఎత్తితే లోపల బొమ్మలు పెట్టేలా ఉండాలి. ఫోమ్ మీద స్ప్రే ప్రైమర్ నేరుగా కొడితే కరిగి గుంటలు పడుతుంది, ముందు ఫెవికాల్ కలిపిన రంగు ఒక పూత బ్రష్‌తో వేయండి. కొట్టం తలుపు చేయనే వద్దు, అది పొయ్యిలోకి పోయింది కదా. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ను ముక్కలుగా కోస్తే ఏపుగా పెరిగిన పొలాలు తయారు. ఒక రోడ్డు, ఒక కంచె, ఒక ఇసుక గొయ్యి, వెనుక మెల్లగా లేచే గుట్ట ఉంటే దృశ్యం పూర్తవుతుంది. ఆకుపచ్చ గుడ్డ కింద పుస్తకాలు పెట్టి గుట్ట చేసినా ఫరవాలేదు. బొమ్మల మీద పెట్టిన శ్రమలో మూడో వంతైనా నేల మీద పెడితే మొత్తం ఆట అందం మారిపోతుంది, ఈ విషయంలో నాకు ఏమాత్రం సందేహం లేదు. మీ స్నేహితుడికి ఈ ఇంటి పనే అప్పగించండి. సైన్యం కొనమని అడిగితే వెనకాడేవాళ్లు కూడా గోడలు కట్టమంటే ఉత్సాహంగా వస్తారు.

తొలి ఆట తర్వాత పెంచుకునే దారులు చాలా ఉన్నాయి. సాయానికి వచ్చిన నసావు గుంపు ఒకటి, ఇసుక గొయ్యిలో రైఫిల్స్, గోడ పగలగొట్టడానికి గొడ్డళ్లతో వచ్చే ఫ్రెంచ్ ఇంజినీర్లు. ఒక్కో చేర్పు ఆరు నుంచి ఎనిమిది బొమ్మలే, రెండు వారాల పని. ప్రతి చేర్పు తర్వాత మళ్లీ ఆడండి.

ఆట రోజుకు మాత్రం సమయం కట్టేయండి: ఫలానా టర్న్ లోపల ఫ్రెంచ్ వాళ్లు వాకిట్లోకి రాకపోతే జర్మన్లు గెలిచినట్టు. ఆ టర్న్ ఎన్నోదో, జర్మన్లకు ఎన్ని తూటా గుర్తులు ఇవ్వాలో కాగితాల ఆటలోనే తేల్చుకోండి. సగం ఆటకే గుర్తులన్నీ అయిపోతే కొన్ని పెంచండి. చివరిదాకా జర్మన్ ఆటగాడు వాటి వైపు చూడకుండానే కాలుస్తూ పోయాడంటే తగ్గించండి.